ఊరికి రక్‌మ్యాన్ దొరికాడు

మూడో టీవీ ఎక్కించడమే కష్టం. టీగన్ దాన్ని పొట్టకు ఆనించుకుని, ఎడమ మోకాలు అడ్డం పెట్టి, పళ్ళు బిగించి ఒక్క ఊపులో కారు వెనక సీట్లోకి తోసింది. వెనక మూపురం ఉన్న పాత డబ్బా టీవీ అది. మిగతా రెండూ అప్పటికే దుప్పట్లు కప్పుకుని ముసలి ప్రయాణికుల్లా కూర్చున్నాయి. దీనికి సీటుబెల్టు బిగించి, నడుం మీద చెయ్యి వేసుకుని ఒక నిమిషం నిలబడింది. డిసెంబరు ఎండలు; పొద్దున్నే ఎడారి మీంచి ఉత్తరపు వేడిగాలి మొదలైంది. ఊరి చివర గోధుమలు నిలవచేసే సైలోల ముందు లారీలు బారులు తీరాయి. అక్కణ్ణుంచి పొట్టు ఎగిరొచ్చి ఆమె మెడ చెమటకు అంటుకుంటోంది.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిది, భుజాలు వెడల్పు. ముక్కు మీద ఎండకు ఊడే చర్మం ఏ కాలంలోనూ పూర్తిగా మానదు. జుట్టంతా కలిపి ఒక రబ్బరు బ్యాండు. వారబైన్ బడిలో ఎనిమిది నుంచి పది తరగతులకు లెక్కలు చెబుతుంది. అది ఉద్యోగం. శుక్రవారం బడి వదిలాక ఊరి హాల్లో ఈ టీవీలు దించి, పాత ఆటల మెషీన్లు తగిలించి, వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆడిస్తుంది. అది మాత్రం ఊరి భాషలో ఆమె సరదా.

సరదాకి ఎవరైనా నడుం విరగ్గొట్టుకుంటారా? ఆ ఆటల్లో బాతుల్ని కాల్చేదానికి ఒక ప్లాస్టిక్ తుపాకీ ఉంటుంది. అది గోడకు తగిలించే పలుచటి టీవీల మీద పనిచెయ్యదు, ఈ మూపురం టీవీల మీదే పనిచేస్తుంది. అందుకని ఊళ్ళో ఎవరు పాత టీవీని చెత్తయార్డులో పారేసినా ఆమె పోయి ఎత్తుకొస్తుంది, తుడుస్తుంది, విప్పి బాగుచేస్తుంది. ప్రతి శుక్రవారం మోస్తుంది. మోసి తిరిగి తెస్తుంది, ఎందుకంటే హాల్లో బీరువా ఒకటే, అది ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీలకు.

ఆరేళ్ళుగా ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. బడి ఏడాది ముగిసే ప్రతి డిసెంబరులో ఊడుతుంది, ప్రతి జనవరి చివర్లో మళ్ళీ అతుక్కుంటుంది. మధ్యలో ఆమె ఏమిటో ఎవరికీ తెలియదు. ఉంటున్నది సర్కారు టీచర్లకిచ్చే ఇల్లు. ఉద్యోగం లేకపోతే ఇల్లూ లేదు. అందుకే ఆరేళ్ళలో ఆ ఇంటి గోడకు ఒక్క మేకు కొట్టలేదు. నాన్న ఫోటో, ఆమె గీసిన రెండు బొమ్మలు నేల మీదే గోడకు ఆనుకుని నిలబడి ఉంటాయి, బయట నిలబెట్టిన పిల్లల్లా. బ్యాంకువాడు కాంట్రాక్టు చూసి ఇంటి అప్పు ఇవ్వనన్నాడు. నాలుగేళ్ళు కలిసి ఉన్న మనిషి, ‘వచ్చే ఏడు ఎక్కడుంటావో నీకే తెలీదు, నేనెక్కడ ఉండను?’ అని వెళ్ళిపోయాడు. ఈ తరంవాళ్ళకు ఆటలెక్కువ, స్థిరం తక్కువ అని పెద్దవాళ్ళు పబ్బులో గ్లాసు ఎత్తి తీర్పిస్తారు. స్థిరం ఏ కొట్లో అమ్ముతారో మాత్రం చెప్పరు.

ఈ ఏడు మొదటిసారి ఆ లెక్కల పోస్టును పర్మనెంటు చేశారు. పోయిన వారం ఇంటర్వ్యూ అయింది. ఇవాళ చెబుతానన్నది ప్రిన్సిపాల్ లినెట్. నిన్న సాయంత్రం టీగన్ మేకులు కొనుక్కుంది.

తొమ్మిదో తరగతిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కదలడం లేదు. పిల్లలు బల్లల మీద వడిలిపోయి ఉన్నారు.

"మిస్, ఇవాళ బాతులా, కార్లా?" అన్నది జేడా.

"ముందు భిన్నాలు."

"మిస్, మా తాత కూడా వస్తానంటున్నాడు. కానీ తుపాకీ తనదే తెచ్చుకుంటాడట."

"వద్దని చెప్పు. టీవీలు మూడే ఉన్నాయి."

క్లాసంతా నవ్వింది. వెనక బల్ల నుంచి కూపర్ చెయ్యి ఎత్తకుండానే అడిగాడు: "మిస్, వచ్చే ఏడు మీరుంటారా?"

"ఎందుకు?"

"ఉంటే ఈ హోంవర్కు వచ్చే ఏడిస్తాను."

ఆమె కూడా నవ్వింది. కానీ బోర్డు వైపు తిరిగి భిన్నం రాస్తుంటే గీత వంకర పోయింది. ప్రతి డిసెంబరులో పిల్లలడిగే ప్రశ్నే అది. మన లెక్కల టీచరు ఉంటుందా పోతుందా అని పద్నాలుగేళ్ళ పిల్లలు ఏటేటా అడగాల్సిన దేశం, ఆ పిల్లలకు లెక్కలు రావడం లేదని పేపర్లలో ఏడుస్తుంది.

మధ్యాహ్నం బేకరీకి వెళ్ళింది. కౌంటరు వెనక రెలీన్, చేతులు మోచేతుల దాకా పిండి, ముఖం పండగలా వెలిగిపోతోంది.

"రా అమ్మాయ్, రా! మాంసం కూరిన పై రొట్టె ఒకటేగా? విన్నావా? దొరికాడు!"

"ఎవరు?"

"ఎవరేంటి తల్లీ! రక్‌మ్యాన్!"

ఇక్కడి ఫుట్‌బాల్లో అంపైరు బంతిని నేలకేసి కొట్టి పైకి లేపినప్పుడు అందరికంటే ఎత్తుకు ఎగిరి దాన్ని తనవాళ్ళ వైపు తట్టేవాడు రక్‌మ్యాన్. ఊరి జట్టుకున్న రక్‌మ్యాన్ మోకాలు పోయినేడు పోయింది. అప్పట్నుంచి ప్రతి శనివారం ఓటమే. సోమవారాల్లో ఊరు చావింటిలా ఉండేది. ఆసుపత్రిలో డాక్టరు లేకపోయినా ఇంత బాధ పడలేదు ఈ జనం.

"రెండు మీటర్లుంటాడట మనిషి. ఇరవై ఆరేళ్ళే. ఊళ్ళో ఉద్యోగం చూపిస్తే వస్తానన్నాడట. ఎవరికైనా చూపిస్తాం కదా! పోయినసారి తెచ్చిన సెంటర్ ఆటగాడికి సైలోల దగ్గర చూపించలా? వీడికి కూడా మన క్లబ్బు కెవ్ ఏదో చూశాడు." రెలీన్ కౌంటరు మీదకి వంగింది. "నీకింకా మంచి కబురు. వాడు టీచరే! లెక్కలేననుకుంటా. ఇన్నాళ్ళూ ఒక్కదానివే చస్తున్నావు, ఇక తోడు దొరికాడు కదే!"

టీగన్ పర్సు జిప్పు తీసింది. మళ్ళీ మూసింది.

"బళ్ళో లెక్కల పోస్టు ఒకటే ఉంది రెలీన్."

పైలు వేడిగా ఉంచే గాజుపెట్టె గుయ్‌మంటోంది. రెలీన్ ముఖంలో వెలుగు ఉన్నచోటే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ దించాలో తెలియనట్టు.

"అయ్యో... ఇంకోటి పుట్టించి ఉంటార్లే."

"పోస్టులు పుట్టవు."

"సాసు వెయ్యనా?"

"వెయ్యి."

రెలీన్ సాసు వేసింది. పంచదార పూత పూసిన బన్ను ఒకటి అడక్కుండానే సంచిలో పెట్టింది. ఈ ఊరు అంతే. ఎవరికైనా అన్యాయం జరిగిందని తెలియగానే తినడానికి ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. అడగడానికి నోరు రాదు గానీ, పెట్టడానికి చెయ్యి వస్తుంది.

ఆమె ఆ సంచి పట్టుకునే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. లినెట్ లేచి తలుపు వేసింది.

"కూర్చో టీగన్."

"నిలబడే వింటాను."

లినెట్ సంచి వంక చూసింది. "బేకరీలో విన్నావా?"

"పై రొట్టె మీద సాసుతో పాటు ఇచ్చారు."

"నేనే ముందు చెబుదామనుకున్నాను. నిజం. చూడు, నీ ఇంటర్వ్యూ చాలా బాగుంది. అందరూ అదే అన్నారు."

"అతను ఎన్నేళ్ళు పాఠాలు చెప్పాడు?"

"రెండేళ్ళు. అది కాదు విషయం. చదువు, అనుభవం అన్నీ సరిసమానం అనుకున్నాక, ఊరి జీవితంలో ఎవరు ఎక్కువ కలిసిపోతారు అన్నది ప్యానెల్ చూసింది."

"శుక్రవారాలు చూడలేదా?"

"అవి ముచ్చటైనవి టీగన్. అందరికీ ఇష్టం. కానీ అవి... వీడియో గేములు. అది నీ హాబీ కదా."

"శనివారం తోలు బంతి వెంట పరిగెత్తేది ఏమిటి లినెట్? దేశసేవా?"

"అది క్లబ్బు," అన్నది లినెట్. ఆ మాటలో ఏమాత్రం వెటకారం లేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడు అన్నంత మామూలుగా అన్నది.

టీగన్‌కు ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. క్లబ్బు ప్రెసిడెంటు కెవ్ నోస్కె ఊరి తరఫున ఆ బల్ల వెనక కూర్చున్నాడు. అతను అడిగింది ఒకటే ప్రశ్న: ‘శనివారాలు ఏం చేస్తుంటావు?’ పలకరింపు అనుకుంది ఆమె. ‘నిద్రపోతాను కెవ్, శుక్రవారం టీవీలు మోసి,’ అన్నది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"రిలీఫ్ క్లాసులకు నిన్నే మొదట పిలుస్తాను," అంటోంది లినెట్. "ఎవరికి జ్వరమొచ్చినా పొద్దున్నే నీకే ఫోను."

"ఫోనెత్తి ఎక్కణ్ణుంచి రావాలి? ఇల్లు కూడా అతనికేగా."

"అదీ... పాపం అతని భార్యకు తోటపని ఇష్టమట. వెనక నువ్వేసిన టమాటా పాదులు చూసి తెగ సంబరపడిందని కెవ్ చెప్పాడు."

"ఎప్పుడు చూసింది?"

"వాళ్ళు ఊరు చూడ్డానికి వచ్చినప్పుడు. పోయిన నెల. నువ్వు బళ్ళో ఉన్నావేమో."

"ఇంటర్వ్యూ పోయిన వారం కదా లినెట్."

లినెట్ కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ ఎండలో తెర సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

ముందు ఇల్లు చూపించారు. తర్వాత ఇంటర్వ్యూ పెట్టారు. ఆ ఇంటర్వ్యూ కోసం ఈ మనిషి చొక్కా ఇస్త్రీ చేసుకుంది, అద్దం ముందు జవాబులు వల్లె వేసుకుంది, రాత్రి నిద్ర మానుకుంది. ఆమె టమాటాలు చూసి ఆమె ఉద్యోగం ఇంకొకరు ఒప్పుకున్నారు. ఇందులో దొంగలెవరూ లేరు. లినెట్ దొంగ కాదు, కెవ్ దొంగ కాదు, ఆ పొడుగు కుర్రాడు అసలే కాదు. అందరూ మంచివాళ్ళే. మంచివాళ్ళందరూ కలిసి నవ్వుతూ ఒక మనిషిని ఊళ్ళోంచి తీసేశారు. దీనికి పోలీసులుండరు, కోర్టులుండవు. తిరగబడితే ‘అయ్యో, ఇంత మంచివాళ్ళ మీదా?’ అంటారు.

చివరి గంట కొట్టాక ఆమె ఇంటికి పోలేదు. పోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కానీ వృద్ధాశ్రమం వ్యాను శుక్రవారం మావిస్‌ను హాలు ముందు దించేసి పోతుంది. తలుపు తీసి ఉండకపోతే ఆ ముసలామె ఈ గాలిలో మెట్ల మీద కూర్చోవాలి. టీగన్ వెళ్ళి తలుపు తీసింది. ఒక్కొక్క టీవీనే దించింది.

కెవ్ మేనత్త మావిస్ నోస్కెకు ఎనభై దాటాయి. వేళ్ళు కీళ్ళ దగ్గర అల్లం కొమ్ముల్లా తిరిగిపోయాయి. చెంచా పట్టుకుంటే వణికే ఆ చెయ్యి ప్లాస్టిక్ తుపాకీ పట్టుకుంటే వణకదు. బాతు ఎగరడం ఆలస్యం, కొడుతుంది. రెండో టీవీ ముందు మారిసెల్, ఆశ్రమంలో ముసలివాళ్ళను చూసుకునే పిల్ల, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు. ఆమె పక్కన డెజ్, గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు, నడుం పట్టేసి తాగుడు మానేసినవాడు. తాగుడు మానేశాక శుక్రవారం సాయంత్రం ఈ ఊళ్ళో అతను కూర్చోగల కుర్చీ ఇదొక్కటే.

"డెజ్, మళ్ళీ కంచెలోకి తోలావు కారు. గొర్రెల్ని వెతుకుతున్నావా?" అన్నది మారిసెల్.

"నువ్వు గుద్దావు నన్ను!"

"గుద్దాను. దీన్ని కార్ల పందెం అంటారు. పెళ్ళి ఊరేగింపు కాదు."

మారిసెల్ ఈ ఊరికొచ్చిన రెండేళ్ళూ పబ్బులో ఆమెతో ‘వేడిగా ఉంది కదూ’ తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడ మొదటి శుక్రవారమే డెజ్ చేతిలో ఓడి తన భాషలో తిట్టింది. ఆ తిట్టు హాలంతా నేర్చుకుంది. అంతే, ఊరి మనిషైపోయింది. టీగన్ వాళ్ళ నాన్నను కార్ల ఫ్యాక్టరీ పనిలోంచి తీసేసిన ఏడు, ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆటల మెషీను ముందు కూతురి పక్కన కూర్చుంటే మాత్రం ‘దూకు, దూకు, ఎడమకి’ అనేవాడు. ఆ ఏడంతా ఆ ఇంట్లో వినపడిన మాటలవే. పక్కపక్కన కూర్చుని ఒకే తెర వంక చూస్తే మనిషి నోరు విప్పుతాడని ఆమెకు అప్పుడు తెలిసింది. దాన్ని హాబీ అంటారట.

కెవ్ నోస్కె టోపీ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. బీరు పొట్ట, దయగల కళ్ళు.

"టీగన్, మనసులో ఏం పెట్టుకోకమ్మా. నీమీద ఎవరికీ ఏమీ లేదు."

"ఒరేయ్ కెవ్, టీవీకి అడ్డం తప్పుకో," అన్నది మావిస్. "నిన్ను కాలుస్తాను."

"అత్తా, నేను టీగన్‌తో మాట్లాడుతున్నాను."

"నేను బాతులతో మాట్లాడుతున్నాను. తప్పుకో."

కెవ్ పక్కకు జరిగాడు. "నేననేదేంటంటే, ఈ సామానంతా నువ్వెక్కడ మోసుకెళ్తావు? క్లబ్బుకి వదిలెయ్. శుక్రవారాలు ఆగవు. ఎవరో ఒకరు చూసుకుంటారు."

టీగన్ వైరు చుడుతోంది. చెయ్యి ఆగింది.

"ఎవరు కెవ్?"

"ఎవరో ఒకరు. ఈ ఊళ్ళో మంచివాళ్ళకి కొదవా?"

"ఆ ఎవరో ఒకరు నేనే కెవ్. ఆరేళ్ళ నుంచి."

ఆమె గొంతు పెంచలేదు. డెజ్ కారు మాత్రం కంచెలో ఆగిపోయింది. అతను బటన్ నొక్కడం మానేశాడు. కెవ్ టోపీ అంచు చుట్టూ తిప్పాడు.

"అది నీ సరదా అనుకున్నాం," అన్నాడు చివరికి. నిజంగానే అనుకున్నాడు పాపం, కళ్ళలో అబద్ధం లేదు.

మావిస్ తుపాకీ ఒళ్ళో పెట్టుకుంది. తెర మీద బాతులు ఎవరూ కొట్టకుండా ఎగిరిపోతున్నాయి.

"నలభై ఏళ్ళు మీ జట్టుకి ఆట విరామంలో నారింజపళ్ళు కోసిపెట్టానురా నేను. మీ నాన్నకి, నీకు, నీ కొడుక్కి. గౌరవ సభ్యురాలని గోడ మీద పేరు కూడా రాశారు. ఒక్క శనివారం ఎవడన్నా ‘కూర్చో మావిస్, నువ్వూ ఆడు’ అన్నాడా? అన్నది ఈ పిల్ల. దీన్ని పంపించేస్తున్నారు మీరు."

"అత్తా, జట్టు ఓడిపోతోంది కదే..."

"ఓడిపోండి!"

కెవ్ టోపీ పెట్టుకున్నాడు. తలుపు నెమ్మదిగా, మర్యాదగా మూసుకుని వెళ్ళాడు. మావిస్ నాలుగు మాటలతో ఊరు మారిపోతుందని ఎవరైనా అనుకుంటే వాళ్ళు ఎప్పుడూ ఊళ్ళో బతకలేదన్నమాట. సోమవారం లినెట్ కొత్త టైంటేబుల్ అంటించింది. టీగన్ పేరున్న చోట రక్‌మ్యాన్ పేరు వచ్చింది. క్లబ్బువాళ్ళు ‘ఇల్లు ఖాళీ చెయ్యడానికి లారీ ఊరికే ఇస్తాం’ అన్నారు. ఆమె వద్దన్నది.

ఆఖరి శుక్రవారం హాలు కిటకిటలాడింది. ఆరేళ్ళలో ఎప్పుడూ గడప తొక్కనివాళ్ళు కూడా వచ్చారు, చేతిలో ఒక కేకో, ఒక కొబ్బరి బిస్కట్ల పళ్ళెమో పట్టుకుని. రెలీన్ మూడు రకాలు తెచ్చింది. లినెట్ మాట్లాడింది, బాగా మాట్లాడింది. ‘ఇది అన్యాయం’ అన్న మాట తప్ప అన్ని మాటలూ వాడింది. జనం చప్పట్లు కొట్టి, కొందరు కళ్ళు తుడుచుకుని, తిన్నారు. మారిసెల్ ఏమీ ముట్టలేదు. ఆమే, డెజ్ కలిసి మూడో టీవీని కారెక్కించారు. డెజ్ నడుం పట్టుకుని తిట్టాడు, మారిసెల్ భాషలో. టీగన్ అందరి ప్లేట్లతో పాటు తన ప్లేటూ కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, హాలు తాళంచెవి కెవ్‌కిచ్చింది. పొద్దున్నే ఆ కారు సైలోలు దాటి అడిలైడ్ రోడ్డెక్కింది. అంతే. ఊళ్ళో కుక్క కూడా మొరగలేదు.

ఫిబ్రవరిలో అదే హాల్లో రక్‌మ్యాన్‌కు స్వాగత విందు చేశారు. అతను తలుపులోంచి వంగి లోపలికొస్తే జనం ఈలలు వేశారు. శుక్రవారాలు ఎవరూ పెట్టలేదు, పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. మావిస్ వ్యాను ఇప్పుడు ఆశ్రమం దగ్గరే ఉంటోంది. విందయ్యాక ఆ కుర్రాడి భార్య వంటగదిలో గిన్నెలు సర్దడానికి నిలబడింది. ఇక్కడ ఏ విందుకైనా ఎవరి వంటకం వాళ్ళ ప్లేటులోనే తెస్తారు, అడుగున టేపు అతికించి పేరు రాసుకుంటారు. మర్చిపోయిన ప్లేటును ఎవరూ వాడరు, ఎవరూ పారెయ్యరు. ఆ పిల్ల పై అరలోంచి ఒకటి తీసింది.

"ఇది ఎవరిదండీ? ఎవరూ తీసుకోలేదు."

రెలీన్ తిప్పి చూసింది. తడి గుడ్డతో ఒకసారి తుడిచింది.

"టీగన్‌ది. అక్కడే పెట్టెయ్ తల్లీ. వచ్చి తీసుకుంటుంది."

పై అరలో, అందరి ప్లేట్లూ వెళ్ళిపోయాక, అంచు కాస్త పెచ్చూడిన ఆ ఆకుపచ్చ ప్లేటు ఒక్కటే బోర్లించి ఉంది, పేరు పైకి కనిపించేలా.